త్రాడు లేని ప్రవేశము: ప్రధాన యాజకుని వస్త్రములపై మన ప్రసంగములకు ఒక విమర్శ

ఉపోద్ఘాతము

ప్రాయశ్చిత్తార్థ దినమును గూర్చి మన సంఘములలో ప్రసంగము జరిగినప్పుడు ఒక కథ తరచుగా వినబడుచుండును. ప్రధాన యాజకుడు సంవత్సరమునకు ఒకమారు అతిపరిశుద్ధస్థలములోనికి వెళ్లునప్పుడు అతని కాలికి త్రాడు కట్టెడివారట. అతని నిలువుటంగీ అంచున ఉన్న బంగారు గంటలు మ్రోగుచున్నంతసేపు అతడు బ్రదికియున్నాడని వెలుపలివారు తెలిసికొనెడివారట. ధ్వని ఆగిపోయినయెడల, అతనిలో దాగిన పాపమును బట్టి దేవుడు అతని మొత్తెనని గ్రహించి, లోపలికి వెళ్లుటకు ఎవరికిని అధికారము లేదు గనుక, త్రాడు పట్టి శవమును వెలుపలికి లాగెడివారట.

ఉజ్జీవ కూటములలోను, సండేస్కూలు పాఠములలోను, పాస్టర్ల సదస్సులలోను ఈ కథ చెప్పబడుచున్నది. ప్రసంగీకుడు లేవీయకాండము 16వ అధ్యాయము చదివి, ఆపక ఈ కథ అందుకొనును. వినువారు ఇదియు వాక్యములోనిదే అనుకొందురు. ఈ వ్యాసములో మేము మూడు ప్రశ్నలు అడుగుచున్నాము. ఈ కథ వాక్యమునకు సరిపడునా? ఇది ఎక్కడనుండి వచ్చెను? దీనిని బోధించుటవలన మనము ఏమి పోగొట్టుకొనుచున్నాము? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు సులభము. మూడవదే మన సేవకు సంబంధించినది.

1. వస్త్రములు: బంగారమును, నారయు

నిర్గమకాండము 28వ అధ్యాయములోని వివరములను బట్టి ప్రధాన యాజకుని వస్త్రములు ఎనిమిది: ఏఫోదు, న్యాయవిధాన పతకము, నీలి నిలువుటంగీ, బంగారు రేకు, చొక్కాయి, పాగా, దట్టి, లాగులు. సాధారణ యాజకునికి నాలుగు మాత్రమే: చొక్కాయి, దట్టి, కుళ్లాయి, లాగులు. మిష్నాలోని యోమా భాగము (7:5) ఈ ఎనిమిదింటిని, నాలుగింటిని ఇట్లే లెక్కించుచున్నది. పాదరక్షల మాట ఎక్కడను లేదు. యాజకులు వట్టి కాళ్లతో సేవచేసిరి.

ఏఫోదు, పతకములలో బంగారపు తీగెయు, నీల ధూమ్ర రక్తవర్ణముల నూలును, సన్ననారయు కలిసియున్నవి. ఆ రంగుల నూలు ఉన్నియని యూదుల సంప్రదాయము. అట్లయినయెడల ఒక వింత కనబడుచున్నది. ఉన్నియు నారయు కలిపి నేసిన బట్ట సాధారణ ఇశ్రాయేలీయునికి నిషేధము (ద్వితీ. 22:11). అతనికి నిషేధింపబడినదే పరిశుద్ధస్థలములో ప్రధాన యాజకునికి నియమింపబడినది. ఆ మిశ్రమము పరిశుద్ధస్థలమునకు చెందినది, వీధికి చెందినది కాదు.

ఈ బంగారు వస్త్రముల ఘనత ఎంతటిదో చరిత్రయే సాక్ష్యము. హేరోదును, అతని తరువాత రోమా అధిపతులును వీటిని అంతోనియ కోటలో తమ అదుపులో ఉంచుకొనిరని జోసీఫస్ వ్రాసెను. పండుగకు ఏడు దినములు ముందుగా అవి యాజకులకు అప్పగింపబడెను. వారు వాటిని శుద్ధిచేసి వాడుకొని మరల అప్పగింపవలసియుండెను. సిరియా అధిపతియైన విటెల్లియుస్ వాటిని యూదులకు తిరిగి ఇచ్చెను. తరువాత ఫాదుస్ మరల అడిగినప్పుడు, క్రీ.శ. 45లో క్లౌదియ చక్రవర్తి యూదుల పక్షమున తీర్పు ఇచ్చెను. ఆ వస్త్రములు ఎవరి చేతిలో ఉన్నవో, ఆరాధన తాళపుచెవియు వారి చేతిలోనే ఉన్నట్లు.

2. గంటల ధ్వనియు, చావు అను మాటయు

నిర్గమ. 28:35లో అహరోను ప్రవేశించునప్పుడును బయలువెళ్లునప్పుడును గంటల ధ్వని వినబడవలెనని, అతడు చావకుండునట్లు అని చెప్పబడిన మాట నిజమే. త్రాడు కథకు ఆధారము ఈ వచనమే. అయితే ఇక్కడ రెండు సంగతులు గమనింపవలెను.

మొదటిది, ఈ హెచ్చరిక గంటలకు మాత్రమే చెందినది కాదు. లాగులు వేసికొనకపోయినను చావే (28:43). చేతులును కాళ్లును ఇత్తడి గంగాళమునొద్ద కడుగుకొనకపోయినను చావే (30:20, 21). ద్రాక్షారసము త్రాగి ప్రవేశించినను చావే (లేవీ. 10:9). గంటలు చావును వెలుపలివారికి తెలియజేయు సాధనమని ఈ వచనము చెప్పలేదు. గంటలు చావు రాకుండ కాపాడు నియమములలో ఒకటియని మాత్రమే చెప్పినది. సేవకుడు రాజు సన్నిధికి చప్పుడు లేక చొరబడడు; తన రాకను తెలియజేసికొని వెళ్లును. వచనములోని భావము దీనికి దగ్గర.

రెండవది, గంటలను గూర్చి మనకున్న ప్రాచీన వ్యాఖ్యానములలో ఒకటి క్రీ.పూ. రెండవ శతాబ్దపు ఆరంభములో వ్రాయబడిన సీరా జ్ఞానగ్రంథములో ఉన్నది. ఆ ధ్వని ప్రజలకు జ్ఞాపకార్థముగా దేవాలయములో వినబడుటకు నియమింపబడెనని అది చెప్పుచున్నది (45:9). దేవాలయము నిలిచియున్న దినములలో, ప్రధాన యాజకుని సేవను ఎరిగినవాడు వ్రాసిన మాట ఇది. అందులో ప్రమాద ఘంటిక అను ఊహయే లేదు.

2011లో యెరూషలేములో దేవాలయపు కొండకు సమీపమున, రెండవ దేవాలయ కాలపు కాలువను త్రవ్వుచుండగా ఒక చిన్న బంగారు గంట దొరికెను. అది ఒక ఉన్నతాధికారి వస్త్రమునకు కుట్టబడి ఉండవచ్చునని త్రవ్వినవారు తలంచిరి. దానిని ప్రధాన యాజకుని గంటయని నిశ్చయించుటకు ఆధారము లేదు. ఈ వార్తను ప్రసంగములో వాడుకొనువారు ఆ హద్దును దాటకూడదు.

3. ఆ దినమున గంటలు లేవు

ఇప్పుడు అసలైన సంగతికి వచ్చుచున్నాము. లేవీ. 16:4 ప్రకారము అహరోను అడ్డతెర లోపలికి వెళ్లునప్పుడు ధరింపవలసినవి నాలుగే: నార చొక్కాయి, నార లాగులు, నార దట్టి, నార పాగా. ఏఫోదు లేదు, పతకము లేదు, బంగారు రేకు లేదు, నీలి నిలువుటంగీ లేదు. నిలువుటంగీయే లేనప్పుడు దాని అంచున కుట్టిన గంటలు ఎక్కడనుండి వచ్చును? మనము కథ చెప్పుచున్న ఆ ఒక్క ప్రవేశములోనే గంటలు లేవు! ఈ అధ్యాయమును నాలుగవ వచనము వరకు శ్రద్ధగా చదివినవానికి ఈ కథ నిలువదు.

దేవాలయ కాలపు సాక్షులును దీనికి సమ్మతించుచున్నారు. అలెగ్జాండ్రియాకు చెందిన ఫిలో మొదటి శతాబ్దములో, ప్రధాన యాజకుడు అంతర్భాగములోనికి నారబట్టతో వెళ్లుటకు కారణము చెప్పుచు, ఉన్ని చనిపోవు ప్రాణులనుండి వచ్చును, నార అట్లు రాదు అని వివరించెను. మిష్నా ఆ దినపు క్రమమును ఇంకను వివరముగా చెప్పుచున్నది. ప్రధాన యాజకుడు ఉదయకాల నిత్యబలిని బంగారు వస్త్రములతో అర్పించును. తెల్లని వస్త్రములతో అతిపరిశుద్ధస్థలపు సేవచేయును. బంగారు వస్త్రములతో పొట్టేళ్లను అర్పించును. తెల్లని వస్త్రములతో ధూపపాత్రలను వెలుపలికి తెచ్చును. సాయంకాలపు బలికి మరల బంగారు వస్త్రములు ధరించును. ఈ మార్పులకు ఐదుమారులు స్నానము, పదిమారులు కాళ్లు చేతులు కడుగుకొనుట (యోమా 3:3). ప్రజల యెదుట బంగారము, దేవుని యెదుట నార.

ఈ నారకు హెబ్రీలో వాడిన మాట ‘బద్’. సన్ననార అనగా అవిసె గింజల మొక్కనుండి తీసిన నారతో నేసిన బట్ట. ఇదే మాట బాలుడైన సమూయేలు ధరించిన ఏఫోదుకు (1 సమూ. 2:18), మందసము ఎదుట దావీదు ధరించిన ఏఫోదుకు (2 సమూ. 6:14) వాడబడినది. మరియొక చోటు మన ప్రసంగములలో వినబడదు. లేవీ. 6:10లో యాజకుడు ఉదయమున బలిపీఠముమీది బూడిద ఎత్తుటకు వేసికొనవలసిన బట్టయు ‘బద్’ నారదే. అనగా బూడిద ఎత్తువాని బట్టయే కరుణాపీఠము ఎదుట నిలుచువాని బట్ట.

ఇందుకు వేరొక వివరణయు ఉన్నది. యెహెజ్కేలు 9వ అధ్యాయములోను, దానియేలు 10:5లోను పరలోక దూత నారబట్టలు ధరించినవాడై కనబడెను. కాబట్టి ప్రధాన యాజకుడు దూతల గుంపులో చేరినట్లు నార ధరించెనని కొందరు పండితుల అభిప్రాయము. లేవీయకాండముపై 1991లో వెలువడిన తన బృహద్వ్యాఖ్యానములో జేకబ్ మిల్‌గ్రోమ్ దీనిని చర్చించెను. మా దృష్టిలో ఈ రెండు వివరణలు ఒకదానికొకటి విరోధము కావు. దూతలును సేవకులే. తన సేవకులను దేవుడు గుర్తించునది వారిమీద ఉన్న బంగారమును బట్టి కాదు.

4. త్రాడు ఎక్కడనుండి వచ్చెను?

పాత నిబంధనలో త్రాడు లేదు. క్రొత్త నిబంధనలోను, ఫిలో, జోసీఫస్‌ల రచనలలోను లేదు. ప్రాయశ్చిత్తార్థ దినమునకు ఒక పూర్తి భాగమునే కేటాయించి, ప్రధాన యాజకుడు ముందు రాత్రి నిద్రపోకుండ యౌవన యాజకులు వేళ్లతో చిటికెలు వేసిరని కూడ చెప్పిన మిష్నాలోను లేదు. కాలికి త్రాడు కట్టిరను మాట మనకు కనబడునది ‘జోహర్’ అను యూదు మర్మజ్ఞాన గ్రంథములో. అది 13వ శతాబ్దపు చివరి భాగములో స్పెయిను దేశములో వెలుగులోనికి వచ్చెను. క్రీ.శ. 70లో దేవాలయము కూలిన తరువాత పన్నెండు వందల సంవత్సరములకు పుట్టిన మాటను, కన్నులార చూచినవాని సాక్ష్యమువలె మనము చెప్పుచున్నాము.

మిష్నాలోని వివరములే త్రాడుకు విరోధముగా ఉన్నవి. రెండవ దేవాలయములో అడ్డతెరలు రెండనియు, వాటి మధ్య ఒక మూర ఎడమనియు, వెలుపలి తెర దక్షిణమునను లోపలి తెర ఉత్తరమునను తెరచియుండెననియు అధికసంఖ్యాకుల అభిప్రాయము (యోమా 5:1). ఆ వంకర దారిలో శవమును ఏ త్రాడుతో లాగగలరు? ప్రధాన యాజకుడు వెలుపలి గదిలో చిన్న ప్రార్థన మాత్రమే చేసెననియు, ఇశ్రాయేలీయులు భయపడకుండునట్లు దానిని పొడిగింపలేదనియు అక్కడనే ఉన్నది. గంటలు వినబడుచున్నయెడల వారు భయపడుటకు కారణమేమి? లోపలికి ఎవరును వెళ్లలేరనుటయు సరికాదు. అతిపరిశుద్ధస్థలములో మరమ్మతు చేయవలసినప్పుడు పనివారిని పైగదిలోని రంధ్రములగుండ పెట్టెలలో దింపెడివారని మిద్దోత్ భాగము (4:5) చెప్పుచున్నది. ఆలస్యమైనప్పుడు ప్రజలు ఏమి చేసిరో లూకాయు చెప్పెను. జెకర్యా పరిశుద్ధస్థలములో తడవుచేయగా వారు ఆశ్చర్యపడుచు కనిపెట్టిరి (లూకా 1:21). అది ధూపవేళ సేవయే, అతిపరిశుద్ధస్థలపు ప్రవేశము కాదు. అయినను అక్కడ ఎవరి చేతిలోను త్రాడు లేదు.

5. శుద్ధి: అపజయమునకు వారు చేసిన ఏర్పాటు

ప్రధాన యాజకుడు సేవకు తగనివాడైనయెడల ఏమి చేయవలెనను ప్రశ్న యూదులకు నిజముగానే ఉండెను. దానికి వారి జవాబు త్రాడు కాదు, మరియొక యాజకుడు. ఏడు దినములు ముందుగా ప్రధాన యాజకుని అతని ఇంటినుండి వేరుచేసి దేవాలయపు గదిలో ఉంచి, అతనికి బదులుగా మరియొకని సిద్ధపరచిరి (యోమా 1:1). ఇది వట్టి సిద్ధాంతము కాదు. హేరోదు మరణమునకు కొంత ముందు, థియొఫిలు కుమారుడైన మత్తీయ అను ప్రధాన యాజకుడు ఉపవాస దినపు ముందు రాత్రి కలవలన అపవిత్రుడు కాగా, అతని బంధువైన ఎల్లేము కుమారుడగు యోసేపు ఆ ఒక్క దినము సేవచేసెనని జోసీఫస్ వ్రాసెను. మత్తీయ చావలేదు, ఆ కలనుబట్టి పదవిని పోగొట్టుకొనలేదు. అతడు అపవిత్రుడాయెను, అంతే. మరుసటి దినము శుద్ధుడు.

ఈ భేదమును మనము స్పష్టముగా బోధింపవలెను. లేవీయకాండములోని అపవిత్రత అంతయు పాపము కాదు. బిడ్డను కనుట, శవమును ముట్టుట, శరీర స్రావము మనుష్యుని అపవిత్రుని చేయును. అయితే కనుటయు, పాతిపెట్టుటయు దేవుడు కోరు కార్యములే. ఆచార అపవిత్రత వేరు, నైతిక అపవిత్రత వేరు అని 2000లో ప్రచురింపబడిన గ్రంథములో జోనతన్ క్లావన్స్ చూపెను. మొదటిది నీటితోను, సాయంకాలముతోను, నియమింపబడిన అర్పణతోను తీరిపోవును. రెండవది విగ్రహారాధన, రక్తపాతము, జారత్వము మొదలైన వాటినుండి వచ్చును. దానికి స్నానము చాలదు.

తెలుగు ప్రసంగీకులకు ఇంకొక హెచ్చరిక అవసరము. ఈ శుద్ధిని వివరించుటకు కొందరు ‘మడి’ని పోలికగా చెప్పుచున్నారు. పోలిక చెవికి సులభముగా ఎక్కును గాని దారి తప్పించును. మన దేశపు మడి, మైల, అంటు అనువాటిలో మనుష్యులలో కొందరు పుట్టుకవలననే అంటరానివారైరి. ఏ స్నానమును వారిని శుద్ధులను చేయలేదు. మన సంఘములలో అనేకుల పితరులు ఆ భారము మోసినవారు. లేవీయకాండములో పుట్టుకవలన అపవిత్రుడైన ఇశ్రాయేలీయుడు లేడు. పైగా ఎంత దగ్గరగా వెళ్లువాడో అంత కఠినమైన నియమము అతనికే. సాధారణ యాజకుడు తన తండ్రి శవమును ముట్టవచ్చును, ప్రధాన యాజకుడు ముట్టరాదు (లేవీ. 21:2, 11). యాజకత్వము వంశపారంపర్యమే, అవయవలోపము గలవాడు బలిపీఠమునొద్దకు రాకూడదనుటయు ఆ అధ్యాయములోనే ఉన్నది. దానిని మనము దాచకూడదు. అయినను శుద్ధి భారము ప్రజల మీదికంటె యాజకుని మీదనే ఎక్కువగా ఉన్నది. మడి పోలికలో ఇది తలక్రిందులగుచున్నది.

6. ఒక ఆక్షేపణకు జవాబు

‘కథ వాక్యములో లేకపోయినను దాని భావము వాక్యానుసారమే గదా, దేవుని భయము నేర్పుచున్నది గదా’ అని కొందరు సహోదరులు అనవచ్చును. ఇందులో కొంత న్యాయమున్నది. లేవీయకాండము 16వ అధ్యాయము నాదాబు అబీహుల మరణమును జ్ఞాపకము చేయుచు ఆరంభమగుచున్నది. ప్రధాన యాజకుడు క్షేమముగా వెలుపలికి వచ్చినందుకు తన స్నేహితులకు విందు చేసెనని మిష్నాలో ఉన్నది (యోమా 7:4). భయము నిజమైనదే. అయితే ఆ భయమునకు దేవుడు ఇచ్చిన ఏర్పాటు ఏది? కరుణాపీఠమును కప్పు ధూపమేఘము (16:13), నీళ్లు, నార, రక్తము. అతడు చావకుండునట్లు దేవుడే మార్గము ఏర్పరచెను. త్రాడు కథలో దేవుని ఏర్పాటు మాయమై, మనుష్యుల ఏర్పాటు మిగులుచున్నది. అదియు బ్రదికించుటకు కాదు, శవమును తెచ్చుటకు.

ఈ బోధ ఫలము మేము చూచితిమి. ఒక గ్రామములో యౌవన కాపరి జబ్బుచేసి మరణించగా, సమాధి కూటములోనే ఒక ప్రసంగీకుడు ఈ కథ చెప్పి, పరిశుద్ధస్థలములో అయోగ్యముగా నిలిచినవారిని దేవుడు లాగివేయునని పలికెను. ముందు వరుసలో ఆ కాపరి భార్య కూర్చుండియుండెను. ఆమెను ఓదార్చుటకు తరువాత వెళ్లినవారికి ఆ వాక్యభాగమును మొదటనుండి చదివి వినిపింపవలసివచ్చెను. కల్పిత కథ చేసిన గాయమును మాన్పుటకు కాలము పట్టును.

మరియొక ఫలమును ఉన్నది. కథ చెప్పువాడు తానే ఆ ప్రధాన యాజకుని స్థానములో నిలుచుకొని, తన సేవను ప్రశ్నింపరానిదిగా చేసికొనుచున్నాడు. ఇక్కడ నారబట్టయే మనకు బుద్ధి చెప్పవలెను. అయితే నారయు గర్వమునకు లోబడగలదు. ప్రధాన యాజకుడు ఆ దినమున ఉదయము ఐగుప్తులోని పెలూసియము నారను, మధ్యాహ్నము హిందూదేశపు నారను ధరించెననియు, రెండిటి వెల ముప్పది మినాలనియు మిష్నా జ్ఞానులు లెక్క చెప్పిరి (యోమా 3:7). బూడిద ఎత్తువాని బట్ట క్రమముగా ఖరీదైన దిగుమతి వస్త్రమాయెను! తెల్లని వస్త్రములను సేవకు గుర్తుగా ధరించు మన కాపరులు ఇది ఆలోచింపదగినది. రంగు మారలేదు, అర్థము మారిపోయెను. దీనికి ప్రక్కన మరియొక సంగతి ఉంచవలెను. యాజకుల పాత లాగులను, దట్టీలను చింపి పర్ణశాలల పండుగలో దీపములకు వత్తులు చేసిరి (సుక్కా 5:3). పరిశుద్ధ వస్త్రము చివరకు ప్రజలకు వెలుగిచ్చుటకు కాలిపోయెను.

ముగింపు

హెబ్రీ పత్రిక రచయిత లేవీయకాండము 16ను బాగుగా ఎరిగినవాడు. అతడు గంటలను ప్రస్తావింపలేదు, బంగారు వస్త్రములను వర్ణింపలేదు. క్రీస్తు తన స్వరక్తముతో ఒక్కసారే ప్రవేశించెననియు (9:12), తనకొరకు కనిపెట్టువారికి రెండవసారి ప్రత్యక్షమగుననియు (9:28) చెప్పెను. వెలుపల నిలిచి కనిపెట్టు ప్రజల చిత్రము అక్కడ ఉన్నది. అయితే వారు శవముకొరకు కాక, సజీవుని రాకకొరకు కనిపెట్టుచున్నారు. శరీరము స్నానముచేయబడినదిగా మనమును సమీపింపవలెనని కూడ అతడు పిలిచెను (10:22). ఒకని స్నానము ఇప్పుడు అందరిదాయెను.

తెరలోపలికి వెళ్లిన కట్టు ఒకటి ఆ పత్రికలో నిజముగానే ఉన్నది. మన నిరీక్షణ లంగరువలె తెరలోపల ప్రవేశించినదనియు, యేసు మనకంటె ముందుగా అక్కడికి వెళ్లెననియు 6:19, 20లో చదువుచున్నాము. త్రాడు కథలో వెలుపలివారు లోపలివానిని బయటికి లాగుదురు. లంగరు అట్లు కాదు. లోపల స్థిరముగా నాటుకొని, వెలుపల ఉన్నవారిని కొట్టుకొనిపోకుండ పట్టియుంచును.

కావున వేదాంత విద్యార్థులకును తోటి కాపరులకును మా మనవి ఇది. ఇకమీదట లేవీయకాండము 16ను బోధించునప్పుడు త్రాడును విడిచిపెట్టి, నాలుగవ వచనమునొద్ద కొంతసేపు నిలిచియుండుడి. సంఘమునకు అహరోను విప్పిపెట్టిన వస్త్రముల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి, తరువాత అతడు వేసికొన్నవి చెప్పుడి. దేవుని భయము నేర్పుటకు ఆ పట్టిక చాలును.